మునగడం రాని సోఫా

వెర్డెల్ స్కోగ్‌స్టాడ్ సోఫాలు చేసే మనిషి. మిన్నెసోటా ఉత్తరాన, సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో ఆమె చేసిన సోఫా లేని ఇల్లు లేదు. కొట్టు మూతపడే స్థితికి రావడానికి కారణం కూడా అదే. పెళ్లినాడు కొన్న సోఫా మీద జనం ఇప్పుడు మనవల్ని ఆడిస్తున్నారు. కుట్టు ఊడదు, స్ప్రింగు కుంగదు. ఇంకోటి ఎవరు కొంటారు?

హైవే పక్కన వెలిసిన పెద్ద షాపువాళ్లు, పరుపులమ్మే ఉద్యోగానికి రమ్మని ఆమెను పిలిచారు. ఈ చలికాలం పోయి వసంతం ముగిసేలోగా ఒక్క బేరమైనా తగలకపోతే కొట్టుకు తాళం వేసి వచ్చేస్తానని వెర్డెల్ ఒప్పుకుంది.

ఆ సంగతి తెలిసి చెల్లెలి కూతురు జానెల్ పరిగెత్తుకొచ్చింది. చిన్న కొట్లకు ప్రచారం ఎలా చేసుకోవాలో నేర్పడమే ఆమె ఉద్యోగం.

"పెద్దమ్మా, గుమ్మం ముందు గాలికి ఊగే బొమ్మ పెడదాం."

"నా కొట్లో ఊగేది ఏదీ ఉండదే."

"పోనీ కుక్కల్ని తెచ్చుకున్నవాళ్లకి తగ్గింపు ఇద్దాం."

"ఇస్తాం. అవి నా కుట్ల మీద గోళ్లు గీరుకుంటాయి. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

జానెల్ కాఫీ తాగుతూ కిటికీలోంచి గడ్డకట్టిన సరస్సుకేసి చూసింది. ఏటా ఊరివాళ్లు ఓ డొక్కు కారును ఆ మంచు నడుమకు లాగి వదిలేస్తారు. మంచు కరిగాక అది ఏ రోజు, ఏ గంటకు మునుగుతుందో చీటీలు కొని పందెం కాస్తారు. ఆ డబ్బులో సగం గెలిచినవాళ్లకి, సగం ఊరి ఫైరింజనుకి. ఈసారి కారు నూనె చేపలకు మంచిది కాదని పందెం కమిటీ కారు వద్దనేసింది.

"సోఫా పెడదాం! వెనకాల కొట్టు పేరు ఇంతింత అక్షరాలతో రాద్దాం. చలికాలమంతా ఊరి కళ్లు దానిమీదే ఉంటాయి."

"మునిగిపోయే సోఫా చెయ్యమంటావా నన్ను?"

"ఎలాగూ మునిగేదేగా పెద్దమ్మా! నాలుగు చెక్కలకి మేకులు కొట్టి గుడ్డ చుట్టెయ్."

వెర్డెల్ నిజంగానే ప్రయత్నించింది. మొదటి మేకు వంకరగా కొట్టింది. కాసేపు చూసి, పీకేసి, తిన్నగా కొట్టింది. మంచు పడుతుంది కదా అని మైనం పట్టించిన కాన్వాసు తొడిగింది. చెక్క తడిస్తే ఉబ్బుతుందని తేలికైన దేవదారు తీసుకుంది, పడవలు చేసిన తండ్రి నేర్పినట్టు అతుకులన్నీ పడవ జిగురుతో బిగించింది. దిండ్లలోకి నీళ్లు పీల్చని పదార్థం కావాలి. పాత లైఫ్ జాకెట్లు చింపి వాటిలోని ఫోమ్ కూరింది. కూర్చునేవాళ్లకి కింద తడి తగిలితే బాగుండదు కదా!

మునిగే సోఫా మీద ఎవరు కూర్చుంటారన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

కమిటీ సరేనంది, ఊరివాళ్లు సోఫాను మంచు నడుమకు లాగి వదిలారు. వసంతం వచ్చింది. మంచు పెళపెళా విరుగుతుంటే ఊరంతా ఒడ్డున చేరింది. సోఫా ఒక పక్కకు ఒరిగింది. చీటీ చేతిలో ఉన్నవాళ్లు "అదిగో, అదిగో!" అని అరిచారు. సోఫా బుడుంగుమని లోపలికి వెళ్లి, మళ్లీ పైకి లేచి, నిలబడి తేలింది. కాసేపట్లో ఓ బాతుల జంట వచ్చి దానిమీద సర్దుకు కూర్చుంది.

మర్నాడూ తేలుతూనే ఉంది. ఆ మర్నాడూ అంతే. చీటీల గడువులన్నీ దాటిపోయాయి. ఆ ఊళ్లో కోపం వచ్చినా ఎవరూ కోప్పడరు. "కొంచెం వేరే రకంగా ఉందిలే," అంటారు. అంతకు మించిన తిట్టు వాళ్లకి లేదు. వెర్డెల్ వీధిలోకి వస్తే చాలు, అందరూ నవ్వుతూ ఆ మాటే అంటున్నారు.

చివరికి ఫైరింజనువాళ్ల పెద్ద ఆర్విల్ ట్వైట్, దాన్ని ముంచేద్దామని గొడ్డలి పట్టుకుని పడవలో వెళ్లాడు. బాతుల్ని మర్యాదగా తోలి, సోఫా ఎక్కి, గొడ్డలి ఎత్తబోయి, ఆయాసం తీర్చుకుందామని కూర్చున్నాడు. పొద్దు వాలాక తిరిగొచ్చాడు. గొడ్డలికి తడి కూడా అంటలేదు.

మర్నాడు కమిటీవాళ్లు కొట్టుకొచ్చారు. వాళ్ల వెనకే ఆర్విల్.

"నొచ్చుకోకు వెర్డెల్," అన్నాడు కమిటీ పెద్ద, టోపీ నలుపుకుంటూ. "డబ్బిచ్చి చేయించుకుంటాం. ఇంకొకటి చేసిపెడతావా? మునిగేది."

చలికాలం మొదలైనప్పటి నుంచి వచ్చిన ఒక్క బేరం అది. జానెల్ పెద్దమ్మ మోచేతిని గిల్లింది.

"నావల్ల కాదు," అంది వెర్డెల్. "చెడగొడదామనే మొదలుపెట్టాను. చేతులు వినలేదు."

"పెద్దమ్మా! పరుపులమ్ముకుంటావా ఇంక?"

"అమ్ముకుంటాను. వాటినైతే చేసింది నేను కాదుగా."

కమిటీ తలూపి వెళ్లిపోయింది. ఆర్విల్ మాత్రం కదల్లేదు.

"అయితే నాకు మునగనిదే చెయ్యి," అన్నాడు. "ఇద్దరు కూర్చునేలా. గాలం ఆనించుకోడానికి పక్కన చిన్న గాడి."

"పడవ కావాలంటే పడవలవాళ్ల దగ్గరికి వెళ్లు."

"పడవలో నడుం పట్టేస్తుంది. ఇంట్లో నీ సోఫా ఉంది, అది ఈ జన్మకి చెడదు. సరస్సు మీదే లేదు. మా బావమరిదికి కూడా ఒకటి కావాలట. వాడికి చీటీ పోయిందని కోపంగానే ఉందిలే, అయినా కావాలట."

వెర్డెల్ కాసేపు అతన్ని, ముఖ్యంగా అతని నడుమును, పరీక్షగా చూసింది. తర్వాత మెడలో వేలాడుతున్న టేపు తీసింది.

"జానెల్, హైవేవాళ్లకి ఫోన్ చేసి నేను రావడం లేదని చెప్పు. ఆర్విల్, నువ్వు వెనక్కి ఆనుకుని కూర్చో. అలా బిగుసుకోకు, చేప పడనప్పుడు ఎలా కూర్చుంటావో అలా కూర్చో."