భవ్యను తీసుకుని పెండ్లి చీరకు ధర్మవరం పోయిన రోజు

మా అక్క ఆరేళ్లుగా ఏ పెండ్లికీ వెళ్లలేదు. ఆమె కూతురు భవ్యకు ఆటిజం. భవ్యకు ఐదేళ్లప్పుడు బెంగళూరులో ఒక డాక్టరు ఆ మాట చెప్పేదాకా, హిందూపురంలో మాకు తెలిసిన పేర్లు దిష్టి, గాలి, మొండితనం. భవ్య తనంతట తాను మాట్లాడేది తక్కువ. విన్న మాటను మాత్రం విన్న గొంతుతోనే తిరిగి అంటుంది. మనం పట్టించుకోని చప్పుడు ఆమెకు దెబ్బలా తగులుతుంది. కొత్తవాళ్లు ముట్టుకుంటే ఓర్చుకోలేదు. బావ లారీ మీద పోతే పది రోజులకు గానీ రాడు. అందుకని పిల్లతోపాటు అక్క కూడా ఇంటికే పరిమితమైపోయింది.

2006 వేసవిలో, భవ్యకు పదకొండేళ్లప్పుడు, నా పెండ్లి కుదిరింది. పెండ్లికొడుకు వాళ్లది కదిరి దగ్గర తలుపుల అనే ఊరు. ముహూర్తం ఇంకా ఇరవై రోజులుందనగా మా నాయన ఒక సాయంత్రం, "పెండ్లి రెండు దినాలూ పాపని పక్కింటోళ్ల తావ పెడదాం. మగపెండ్లోళ్లు చూస్తే ఏమనుకుంటారో ఏమో" అన్నాడు. అక్క బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే, "దాన్ని వదిలి నేనెట్ల వస్తా నాయనా? నేనూ ఇంట్లోనే ఉంటాలే" అంది. ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని. కందులు అయిపోయాయని చెప్పినంత మామూలుగా అనేసరికి నాకు అన్నం సహించలేదు.

ముహూర్తం చీర మగపెండ్లివారు కొనాలి. కాబోయే అత్తగారు నారాయణమ్మగారు ధర్మవరంలో చూద్దాం రమ్మని ఫోను చేసి ఉన్నారు. నేను భవ్యను వెంట తీసుకుపోతానన్నాను. నాయన వద్దన్నాడు. అక్క మాత్రం, "పొద్దున పోయి మాపటికి నువ్వొక్కదానివే దాన్ని చూసుకోని వస్తే, అప్పుడు పెండ్లి సంగతి మాట్లాడదాం" అంది. మా ప్రయాణానికి కారణం అదీ. మొన్న పరిగి నుంచి ఒకామె ఫోను చేసి, తన పిల్లవాడిని ఇలా ఊళ్లు తిప్పవచ్చా అని అడిగింది. ఆమె కోసం, అలాంటి మరికొందరి కోసం ఇదంతా రాస్తున్నాను.

మూడు రోజుల ముందు నుంచే పాత క్యాలెండరు వెనకవైపు బొమ్మలు గీసి భవ్యకు చూపించాను. బస్సు, కోట, చీరల అంగడి, రైలు, ఇల్లు. వరుస తెలిస్తే ఆమెకు సగం భయం పోతుంది. బుధవారం ఎంచుకున్నాం, ఆ రోజు రద్దీ తక్కువని. హిందూపురం బస్టాండులో ఏడుంపావుకు పెనుకొండ బస్సు ఎక్కాం. టికెట్టు అప్పట్లో పద్దెనిమిది రూపాయలు, ప్రయాణం గంటకు కాస్త ఎక్కువ. కిటికీ పక్కన కూర్చుని భవ్య తారు రోడ్డు మీది తెల్లగీతలనే చూస్తూ ఉంది. ఏ పేచీ లేదు. ఇంత సులువా అనుకున్నాను.

సోమందేపల్లిలో బస్సు ఆగింది. కండక్టరు టీ తాగడానికి దిగాడు. హిందూపురం నుంచి ఆయన ప్రతి స్టాపులోనూ అంటున్న మాటను భవ్య జాగ్రత్తగా వింటూనే ఉంది. ఉన్నట్టుండి ఆయన గొంతుతోనే, ఆయన సాగదీసినట్టే సాగదీసి, "రైట్ రైట్, పోనీ!" అంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూడకుండా గేరు వేశాడు. బస్సు కదిలింది. అద్దంలోంచి చూస్తే కండక్టరు ఒక చేతిలో టీ గ్లాసు, ఒక చేతిలో టికెట్ల సంచీతో వెనకాల పరుగెత్తుతున్నాడు. టీ అంతా చొక్కా మీదే.

అందరూ కేకలు వేస్తే బస్సు ఆగింది. కండక్టరు ఆయాసపడుతూ ఎక్కి, "ఏమప్పా, నన్ను వదిలేసి యాడికి పోతాండావు?" అని డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వే కదప్పా పోనీ అంటివి!"

"టీ తాగేటోన్ని నేనెట్ల అంటా?"

భవ్య మళ్లీ, "రైట్ రైట్, పోనీ!" అంది. డ్రైవరు చెయ్యి గేరు మీదికి పోయి ఆగిపోయింది. ఆ తర్వాత బస్సంతా నవ్వు. నవ్వనిది మా వెనక సీటులోని ఒకామె మాత్రమే. "ఇట్లాంటోళ్లని బస్సుల్లో ఏంటికి తెస్తారమ్మా? మందికి ఇబ్బంది" అంది.

మామూలుగా ఇలాంటప్పుడు మా ఇంట్లో ఎవరమైనా తల దించుకుని దిగిపోతాం. ఆ రోజు లేచి నిలబడ్డాను. బడిలో లెక్కలు చెప్పే గొంతు కదా, చివరి సీటుదాకా వినిపించింది. "ఈ పాపకి ఆటిజం అంటారక్కా. రోగం కాదు, అంటుకునేది కాదు. పుట్టుకతోనే చూసేదీ వినేదీ మన మాదిరి ఉండదు. ఇంట్లో పెట్టుకుంటే బస్సెక్కేది ఎప్పుడు నేర్చుకుంటాది?"

కండక్టరు చొక్కా దులుపుకుంటూ భవ్యను చూశాడు. "నా గొంతు నాకన్నా బాగా పట్టిందే!" అని భుజం తట్టబోయాడు. "తాకొద్దన్నా, బెదురుతాది. చెయ్యెత్తి చూపిస్తే చాలు" అన్నాను. ఆయన వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాతి స్టాపులో జనం దిగి ఎక్కాక భవ్య వైపు చెయ్యెత్తాడు. ఆమె కాసేపు ఆ చేతినే చూసింది. "రైట్ రైట్, పోనీ!" అంది. పెనుకొండదాకా బస్సును నడిపించింది మా భవ్యే. దిగేటప్పుడు వెనక సీటు ఆమె నా పక్కకు వచ్చి, "చెప్తేనే కదమ్మా తెలిసేది. మేమేం చదువుకున్నోళ్లమా?" అంది. ఆమె మీది కోపం అక్కడే దిగిపోయింది.

నేరుగా ధర్మవరం బస్సు పట్టుకోవచ్చు. కానీ ఒకే దెబ్బకు రెండున్నర గంటల ప్రయాణం భవ్యకు ఎక్కువవుతుందని పెనుకొండలో గంటన్నర విరామం పెట్టుకున్నాను. బస్టాండు దగ్గర ఒక పెద్దామె బొరుగులు తాలింపు వేసి చేసే ఉగ్గాని, బజ్జీ పెడుతుంది. రెండూ కలిపి ఆరు రూపాయలు. ఒకటి ఇంకోదానికి తగిలితే భవ్య తినదు. వేరే ప్లేటులో పెట్టమంటే విసుక్కుంటుందేమో అనుకున్నాను. "దానికేం భాగ్యం! నా మనవడు సాంబారు తగిలిన ఇడ్లీ ముట్టడు. వానికి ఏ డాక్టరూ పేరు పెట్టల్యా, అంతే" అంటూ రెండు ప్లేట్లలో పెట్టి ఇచ్చింది.

అక్కడి నుంచి కోటలోని పాత రాజభవనం గగన్ మహల్‌కు నడిచే వెళ్లాం. పిల్లలతో వచ్చేవారికి ఇంతకన్నా మంచి చోటు చెప్పలేను. పొద్దున్నే జనం ఉండరు, హారన్లు వినిపించవు. భవ్య ఒక్కో తోరణం కిందికీ పోయి గోడకు చెంప ఆనించి నిలబడింది. వాచ్‌మన్ దూరం నుంచి చూసి చూసి దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, ఆ పాప గోడలు తడుముతాండాది, ఏమన్నా పోగొట్టుకున్నిందా?"

"లేదప్పా. రాయి సల్లగా ఉంటే దానికి ఇష్టం."

"అట్లయితే ఆ పక్క రాండి. ఆడ ఎండ పడదు, ఇంకా సల్లగా ఉంటాది" అని మమ్మల్ని లోపలి గోడ దగ్గరికి తీసుకుపోయి, తన దారిన తాను పోయాడు. ఇంకేమీ అడగలేదు. భవ్య అక్కడ అరగంట కూర్చుంది. తనలో తాను నవ్వుకుంది.

పది గంటల బస్సుకు ధర్మవరం చేరేసరికి పదకొండున్నర. ఆటోకు ఇరవై ఇచ్చి చీరల అంగళ్ల వీధికి వెళ్లాం. నారాయణమ్మగారు అప్పటికే వచ్చి ఒక అంగడిలో కూర్చుని ఉన్నారు. యాభై ఐదేళ్ల మనిషి, వేరుశనగ పండించే ఇల్లు, మాట సూటి. నా వెనక భవ్యను చూసి, "ఎవరీ పాప?" అన్నారు. "మా అక్క కూతురు, అత్తమ్మా" అన్నాను. అంతకు మించి చెప్పడానికి నోరు రాలేదు. తీరిగ్గా చెబుదాం అనుకున్నాను.

తెల్ల పరుపుల మీద చీరలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. భవ్య ఉల్లిపొర రంగు చీర ఒకటి లాక్కుని, దాని అంచు వేళ్ల మధ్య తిప్పుతూ బుద్ధిగా కూర్చుంది. నేను ఆకుపచ్చది భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాను. ఇంతలో కరెంటు పోయింది. మరుక్షణం అంగడి వెనక జనరేటరు దడదడమంటూ మొదలైంది.

భవ్య రెండు చెవులూ మూసుకుని అరిచింది. చీరల గుట్ట మీద పడి ముడుచుకుపోయింది. అంగడాయన కంగారుగా, "చీరలమ్మా, చీరలు! లేపండి ఆ పాపని!" అన్నాడు. గుమ్మంలో జనం పోగయ్యారు. గాలి సోకిందని ఒకరు, ముఖాన నీళ్లు కొట్టమని ఒకరు. నేను భవ్యకు అడ్డంగా కూర్చుని, "ఎవ్వరూ తాకొద్దండీ. ఆ జనరేటరు ఆపండి, చాలు" అన్నాను. అంగడాయన తటపటాయించాడు. చీకట్లో బేరం ఎలా అని ఆయన బాధ.

అప్పుడు నారాయణమ్మగారు లేచారు. "ఆపప్పా ఆ మిషన్ని. చీర వాకిట్లో ఎండకి పట్టుకోని చూస్తాం. మా అవ్వ కాలంలో అట్లే కొన్నారు" అన్నారు. జనరేటరు ఆగింది. ఆమె గుమ్మంలో నిలబడి, జనాన్ని కళ్లతోనే వెనక్కి పంపించారు. పది నిమిషాలకు భవ్య ఊపిరి నెమ్మదించింది. లేచి కూర్చుంది. ఉల్లిపొర చీర మాత్రం వదల్లేదు.

ఇక దాచడానికేముంది? అంగడి మెట్ల మీద కూర్చుని అంతా చెప్పాను. ఆటిజం అంటే ఏమిటో, అక్క ఆరేళ్లుగా గడప దాటకపోవడం, నాయన పక్కింట్లో పెడదామనడం. ఆమె చివర్న నేను భయపడుతున్న ప్రశ్నే అడిగారు. "ఇది ఇంటి రక్తంలో వచ్చేదా? రేపు నీకు పుట్టే బిడ్డకీ రావచ్చా?"

కాదని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. "రావచ్చు, రాకపోవచ్చు అత్తమ్మా. డాక్టరు గట్టిగా చెప్పలేనన్నాడు" అన్నాను.

"నాకు భయం ల్యాకుండా ల్యా" అన్నారు ఆమె. "మీ నాయన చెప్పకపోయింది తప్పే. ఆయన్ని అడగతా. కానీ నువ్వు దాయల్యా. దాచేటోళ్లతో కాపరం కష్టం గానీ, ఉండేది ఉన్నట్టు చెప్పేటోళ్లతో ఏం కష్టం? మీ అక్కకి చెప్పు. తోడబుట్టింది ల్యాకుండా పెండ్లేంది? దూరంగా కూచోమని మేళమోళ్లతో నేను మాట్లాడతా."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చీర బేరానికి మళ్లీ లోపలికి వెళ్లాం. ఆకుపచ్చది నా మనసులో ఉందని ఆమెకు తెలుసు. భవ్య వైపు చూసి, "ఆ ఉల్లిపొరదే తీసుకుందామమ్మా. ఇంకోటి తీసుకుంటే దాన్ని ఆ పాప చేతిలోంచి లాగేదెవరు?" అన్నారు. అంగడాయన కూడా నవ్వాడు. నలిగిన చీరలన్నీ ఒక్కొక్కటే మడత పెట్టించి, మా కోసం సోడాలు తెప్పించాడు. జనరేటరు వేయాల్సి వస్తే ఇకమీదట ముందుగా కేక వేసి చెబుతానన్నాడు.

నారాయణమ్మగారు కదిరి బస్సుకు వెళ్లారు. మేము సాయంత్రం ప్యాసింజరు ఎక్కాం. బస్సుకన్నా చవక, కాళ్లు చాపుకోవచ్చు, భవ్యకు ఆ ఊగుడు ఇష్టం. హిందూపురం స్టేషన్లో అక్క ప్లాట్‌ఫారం అంచునే నిలబడి ఉంది. "ఏడ్చిందా?" అంది మొదటి మాటగా. "ఏడ్చింది. ఆ తర్వాత మానింది. నీ చీర తీసి ఇస్త్రీ చేసుకో, పెండ్లికి వస్తాండావు" అన్నాను. అక్క స్టేషన్లోనే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నారాయణమ్మగారు ఫోను చేసి అడిగాక నాయన ఇక వద్దనలేదు. పెండ్లిలో అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం. మేళం దూరంగా కూర్చున్నా భవ్య పావుగంటకే లేచింది. అక్క కూడా లేవబోయింది. నారాయణమ్మగారు, "నువ్వు కూచో. నీ చెల్లెలి పెండ్లి చూడు" అని, తాకకుండా, రెండడుగుల ఎడంగా భవ్య వెంట నడిచారు. మగపెండ్లివారి పెద్ద, పట్టుచీరతో, కల్యాణమంటపం చుట్టూ పదకొండు సార్లు తిరిగారు. చుట్టాలు చూశారు. ఎందుకని అడిగినవారికల్లా ఆమే ఆటిజం అంటే ఏమిటో చెప్పారట, నేను మెట్ల మీద చెప్పినదానికన్నా బాగా. తాళి కట్టే వేళ నా పక్కన అక్క ఉంది.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు దారిలో మాకు ఎదురైనవారిలో చెడ్డవారెవరూ లేరు. తెలియనివారే ఉన్నారు. మేము ఆరేళ్లు వాళ్ల చూపులకు భయపడి తలుపు వేసుకున్నాం కాబట్టి వాళ్లకు తెలిసే దారి లేకపోయింది. మన పిల్లలు నలుగురిలో కనబడితేనే నలుగురూ జరిగి చోటిస్తారు. అందరూ ఇవ్వరు. మాకు ఆ తర్వాతి ప్రయాణాల్లో మొహం తిప్పుకున్నవారూ తగిలారు. అయినా ఇంట్లో కూర్చుంటే ఉగ్గాని రెండు ప్లేట్లలో పెట్టే చెయ్యి ఒకటుందని కూడా తెలియదు.

బయలుదేరేవారికి ఒక్క మాట. తిరుగు ప్రయాణానికి టికెట్టు ముందుగా కొనకండి. బస్సులూ ప్యాసింజర్లూ ఈ దారిలో ఎప్పటికప్పుడు దొరుకుతాయి. మీ పిల్లకు చాలనిపించిన క్షణంలో, చూడాల్సింది సగం మిగిలి ఉన్నా సరే, ఇంటి దారి పట్టండి. అలా వెనక్కి తెచ్చిన పిల్ల, రెండోసారి మీకన్నా ముందే చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడుతుంది.