సొలాంజ్ తానే పడుకుంటుంది

“మిమ్మల్ని ఎన్నింటికి పడుకోబెట్టమంటారు?”

ఫ్రాన్సులోని రోవాన్ అనే ఊళ్లో వృద్ధాశ్రమంలో చేరిన మొదటి రోజే సొలాంజ్ పెరషోన్‌ను సహాయకురాలు కరీన్ ఇలా అడిగింది. అప్పటికి సొలాంజ్‌కు ఎనభై ఒకటి. విరిగిన తుంటి ఎముక అతుక్కున్నాక చేతికర్ర మీద నడుస్తోంది.

“ఎవరి పక్కన? మనిషి బాగుంటే ఇప్పుడే రమ్మను.”

కరీన్ నవ్వు ఆపుకుంది. “అలా కాదు మామ్మా, ఇక్కడ అందర్నీ ఆరుంముప్పావుకల్లా మంచమెక్కించేస్తాం.”

“నేను నీ మామ్మను కాను. మంచం నేనే ఎక్కుతాను. పదకొండింటికి.”

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆమె బట్టల మిల్లులో మూడు షిఫ్టుల్లోనూ చేసింది. ఎప్పుడు నిద్రపోవాలో మిల్లు సైరనే చెప్పేది. రిటైరయ్యాక గానీ రాత్రి ఆమె సొంతం కాలేదు: కిటికీ చెక్కతలుపులు మూయడం, వెర్బీనా ఆకుల కషాయం, రేడియో, గళ్లనుడికట్టు సగం నింపి దీపం ఆర్పడం. దాన్ని మళ్లీ ఎవరి చేతుల్లోనో పెట్టే ఉద్దేశం ఆమెకు లేదు. వృద్ధుల గౌరవం గురించి ఆశ్రమం హాల్లో ఒక వాక్యం పటం కట్టి ఉంది. దాని పక్కనుంచే, ఇంకా ఎండ ఉండగానే, జనాన్ని వరసగా పక్కల మీదికి చేరుస్తారు. రాత్రి డ్యూటీకి ఉండేది ఇద్దరే మరి.

గొడవ కాగితం దగ్గర ముదిరింది. ఆమె గది తలుపు వెనక తగిలించిన పట్టికలో “కూషే” అని ఒక వరస. ఫ్రెంచిలో ఆ మాట ముందు “స” ఉంటే తాను పడుకోవడం, లేకపోతే ఇంకొకరు పడుకోబెట్టడం. పట్టికలో “స” లేదు. సొలాంజ్ తానే పడుకుంటున్నా, కరీన్ అందరికీ పెట్టినట్టే ఇక్కడా రోజూ టిక్కు పెట్టేది. ఆ టిక్కులు చూసి ఆఫీసువాళ్లు సొలాంజ్‌ను పడుకోబెట్టవలసినవాళ్లలో కలిపేసి, రోజుకు రెండు యూరోలు అదనంగా వేశారు.

మూడు నెలల బిల్లు ఒక్కసారే వచ్చింది. సొలాంజ్ ఎర్ర పెన్సిలు తీసి గడిగడికీ “స” రాసింది. డైరెక్టరు పిలిపించింది.

“మేడమ్ పెరషోన్, అది ఆఫీసు కాగితం.”

“అందుకే తప్పులు దిద్దాను.”

“ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా?”

“ఆ అక్షరం నేనే కదమ్మా. అది తీసేస్తే మంచం మీద మిగిలేది మూట.”

“మళ్లీ కింద పడితే?”

“పడితే లేపండి, లేపినందుకు డబ్బు తీసుకోండి. పడుకోవడానికి మాత్రం పైసా ఇవ్వను.”

ఆ సాయంత్రం నుంచి కరీన్ టిక్కు పెట్టడం మానేసింది. ఆరుంముప్పావుకు తలుపులోంచి తొంగిచూస్తుంది.

“ఇవాళ కూడానా, మేడమ్?”

“రేపు కూడా.”

ఆఫీసు పాత బిల్లు రద్దు చేయలేదు, ఆమె కట్టలేదు. తొంభై రెండు రోజులకు నూట ఎనభై నాలుగు యూరోలు ఇంకా బాకీ.