వీర్రాజు మాస్టారు నేర్చుకున్న ఇంగ్లీషు

ఈ ఉదయం వార్డులో ఒక ముసలాయన దగ్గి దగ్గి బొంగురుపోయిన గొంతుతో "గాట్ ఎ మినిట్, సిస్టర్?" అని పిలిచారు. మస్కట్‌లో ఇలాంటి పిలుపులు రోజూ వింటాను. కానీ ఆ బొంగురు గొంతు అచ్చం మా వీర్రాజు మాస్టారిది. అప్పటినుంచీ ఆయనే మనసులో తిరుగుతున్నారు.

రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. వాక్యంలో కర్త, క్రియ చూపించందే ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. ఆలస్యంగా వచ్చి తలుపు తట్టినవాళ్లు "ఇట్ ఈజ్ ఐ" అనాలి. "ఇట్స్ మీ" అన్నవాళ్లు బయటే నిలబడాలి. ఆ ఇంగ్లీషుతోనే నేను స్కూలు ఫస్టు వచ్చాను, అమలాపురంలో నర్సింగు పూర్తిచేశాను. తొంభైల చివర్లో గల్ఫ్ ఆసుపత్రి ఉద్యోగానికి హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్లాను. లోపలికి అడుగుపెట్టగానే అక్కడి విదేశీ ఆవిడ నవ్వుతూ "బీన్ వెయిటింగ్ లాంగ్?" అన్నారు. అందులో కర్త ఎక్కడుందా అని వెతుక్కుంటూ నిలబడిపోయాను. ఆవిడ ఇంకేదో అడిగారు. దానికీ అంతే. కాసేపటికే పంపించేశారు.

ఊరొచ్చి మాస్టారింటికి వెళ్లి జరిగింది చెప్పి ఏడ్చాను. ఆయన చాలాసేపు అరుగు మీద అటూ ఇటూ నడిచారు.

"నేను నేర్పినదాంట్లో తప్పు లేదమ్మా. కాకపోతే సగమే నేర్పేను. రెండో సగం నాకూ రాదు. మళ్లీ ఎప్పుడు పిలుస్తారు?"

"వేసవిలో అంటండి."

"ఆయ్. అయితే ఇద్దరం నేర్చుకుందాం."

అప్పటికే ఆయనకి యాభై దాటాయి. మాకు దగ్గర్లో నగరం అనే పల్లెలో గ్యాసు పనుల మీద వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు సాయంత్రాలు రోడ్డు పక్క కొట్లో బొండాం తాగుతాడని ఎవరో చెప్పారు. మాస్టారు మా నాన్నగారిని అడిగి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. మెడదాకా గుండీలు పెట్టిన ఇస్త్రీ చొక్కాతో ఇంజనీరు ముందు నిలబడి "ఫ్రమ్ విచ్ కంట్రీ డూ యూ కమ్, సర్?" అన్నారు. "స్కాట్లాండ్," అన్నాడతను. "యూ గైస్ ఫ్రమ్ రౌండ్ హియర్?" మాస్టారి పెదవులు కదిలాయి గాని మాట పెగల్లేదు. కొట్టు దగ్గర ఆయన పాత విద్యార్థులు కొందరున్నారు. ఒకతను పకాలున నవ్వాడు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఇక వెనక్కి తిరుగుతారనుకున్నాను. ఆయన ఒక బొండాం కొట్టించుకుని, ఇంజనీరు పక్కనే బల్ల మీద కూర్చుని, "ప్లీజ్ సే ఇట్ అగైన్," అన్నారు.

తిరుగు బస్సెక్కాం. సగం దూరం వచ్చాక, "అందులో క్రియ లేదమ్మా," అన్నారు ఆశ్చర్యంగా. "అయినా అర్థమైపోయింది. రేపూ వద్దాం."

ఆ ఇంజనీరు మంచివాడు. మేం కనబడితే జరిగి చోటిచ్చేవాడు. వేసవి వచ్చేసరికి మాస్టారు అతనితో వానల గురించి, కొబ్బరి ధరల గురించి వాదనకు దిగే స్థితికి వచ్చారు. నా దరఖాస్తు మాత్రం పాత పద్ధతిలోనే అక్షరం అక్షరం దిద్దారు. ఈసారి ఇంటర్వ్యూలో "నర్వస్?" అని ఒక్క మాట అడిగితే "ఎ బిట్" అని అంతే పొట్టిగా చెప్పి నవ్వగలిగాను. ఉద్యోగం వచ్చింది.

మొదటిసారి సెలవు మీద ఊరొచ్చినప్పుడు స్కూలుకి వెళ్లాను. ఆయన తరగతి సంతలా ఉంది. పిల్లలందరూ వచ్చీరాని ఇంగ్లీషులో ఒకరితో ఒకరు మాట్లాడేస్తున్నారు. హెడ్మాస్టరుగారు గుమ్మంలోంచి, "అన్నీ తప్పులేనండీ మాస్టారూ!" అన్నారు.

"అవునండీ. ముందు నోరు తెరవనివ్వండి. దిద్దడానికి నేనున్నాను కదండీ."

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మన వైపు నుంచి కొత్తగా వచ్చిన నర్సులు నా కింద పనిచేస్తున్నారు. డాక్టరు ముందు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మాట్లాడతారు. ఆయన విసుక్కుని నా వైపు చూస్తారు, నన్ను చెప్పేయమని. నేను చెప్పను. ఆ పిల్ల వాక్యం ఆ పిల్లే పూర్తిచేసేదాకా పక్కన నిలబడతాను.