ఏరివేతకు మా అత్త చెప్పిన మాట

ఊళ్లో అందరికీ ఆమె మైకక్క. నాకు అత్త, మా నాన్నకు అక్క. మున్సిపల్ వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని వీధివీధికీ ప్రకటనలు చెప్పడం ఆమె ఉద్యోగం. ఆఫీసువాళ్లు రాసిచ్చిన భాషలో చదవడం ఆమెకు ఏనాడూ అలవాటు లేదు. ‘సాంకేతిక కారణాల వల్ల నీటి సరఫరాకు అంతరాయం’ అని రాసిస్తే, ‘పైపు పగిలింది, రేపు నీళ్లు రావు, బిందెలు నింపుకోండి’ అనేది. చెవుడున్న ముసలమ్మకు కూడా బోధపడాలని ఆమె పంతం.

విప్లవం వచ్చాక వ్యాను చేతులు మారింది, అత్త మారలేదు. వార్డు కమిటీకి పెద్ద మా వీధివాడే, ఒకప్పటి బస్సు కండక్టరు. కమిటీ మాటలు కొత్తవి: శుద్ధి, ప్రక్షాళన, ఏరివేత. ఏరివేత అంటే బియ్యంలో రాళ్లు ఏరినట్టు వినిపించేది. అందులో మనిషి కనిపించేవాడు కాదు. పక్క వార్డుల్లో ఆ మాట చెవిన పడగానే జనం చేతులెత్తి సరేనన్నారు.

ఒక మధ్యాహ్నం మా వార్డుకూ కాగితం వచ్చింది: ‘ప్రజాశత్రువు ఏరివేతకు ప్రజామోదం కొరకు సాయంత్రం మైదానంలో సభ.’ ఆ శత్రువు మా వీధి దర్జీ. పాత ప్రభుత్వపు పోలీసులకు యూనిఫారాలు కుట్టాడు, అదీ నేరం. అత్త కాగితాన్ని పైకీ కిందికీ చూసి, మైకు దగ్గరికి లాక్కుంది. నేను వాకిట్లో నిలబడి విన్నాను.

“సాయంత్రం మైదానంలో మన దర్జీని చంపుతారట. చంపమనేవాళ్లు వచ్చి చేతులెత్తాలట.”

కుళాయి నీళ్ల సంగతి చెప్పే గొంతుతోనే చెప్పింది. ప్రతి వీధిలోనూ అదే చెప్పింది. ఆఖరి వీధిలో కండక్టరు వ్యానుకు అడ్డం నిలబడ్డాడు.

“కాగితంలో ఉన్నది చదవమన్నాను కదక్కా.”

“ఉన్నదే చెప్పాను తమ్ముడూ. లేనిదేమన్నా కలిపానా, చూపించు. ఇప్పుడే మళ్లీ తిరిగి సరిదిద్దుకుంటా.”

అతను కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. మైకు లాక్కున్నాడు గానీ, మాట అప్పటికే ఇళ్లలోకి వెళ్లిపోయింది.

సాయంత్రానికి మైదానం నిండింది. దర్జీని బల్ల ఎక్కించారు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కండక్టరు గొంతు సవరించుకుని, ఏరివేతకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. మా పక్కింటి పిన్ని అడిగింది: “ఏరివేతంటే చంపడమేగా బాబూ? మరి మావారి చొక్కాలెవరు కుడతారు? ఆర్నెల్లుగా రేపు రమ్మని తిప్పుతున్నాడు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మైదానమంతా పాకింది. కండక్టరు మళ్లీ అడగబోయి ఆగాడు. ఈసారి ‘చంపడానికి’ అనే అడగాలని అతనికీ తెలిసింది. ఆ మాట నోట రాలేదు. అతను వేసుకున్న చొక్కా కూడా దర్జీ కుట్టిందే. సభ వాయిదా అన్నాడు. మా వార్డులో అది మళ్లీ జరగలేదు.

అత్త ఉద్యోగం పోయింది. అరిచి అరిచి గొంతు అరిగింది, పోనీలే అనేది.

పోయిన నెల ఆమే పోయింది. వ్యానులో చదివించడానికి నేను కాగితం రాశాను: ‘తుదిశ్వాస విడిచారని తెలియజేయుటకు చింతిస్తున్నాము.’ ముసలి దర్జీ దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని తనే వ్యాను ఎక్కాడు. నేను మళ్లీ ఆ వాకిట్లోనే నిలబడి విన్నాను.

“మన మైకక్క చచ్చిపోయింది. రేపు పొద్దున తీసుకెళ్తున్నాం. అందరూ రండి.”