మే నెలలో చూపించిన నీడ

నీడకు బరువుండదని చదువుకున్నాను. కానీ ఒక నాలుగంతస్తుల నీడను ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా ముఖం చూడలేరు కాబట్టి.

నేను కాలనీలకు ప్లాన్లు గీసేవాణ్ని. ఆదిలాబాద్ అంచున, పత్తి జిన్నింగ్ మిల్లులు దాటాక, ఒక సోలార్ కాలనీ గీశాను. నిజంగా ఇష్టపడి గీసింది అదొక్కటే. ప్రతి డాబా మీద దక్షిణానికి వాలిన ప్యానెళ్లు, ప్రతి ఇంటికీ ఆ ఎండతోనే నిండే బ్యాటరీ. ఊరంతా కరెంటు పోయినా అక్కడ దీపం ఆరకూడదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు కదా, అందుకని కాలనీకి దక్షిణాన ఎత్తైనదేదీ కట్టకూడదని ప్లాన్‌లోనే రాసి, ఆ జాగాలో పార్కు గీశాను. పిల్లలకు ఉయ్యాల కూడా గీశాను. ఆ ఉయ్యాల మీద పెట్టిన శ్రద్ధ మనుషుల మీద పెట్టి ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు.

భూమి యజమానిని అందరూ పటేల్ అనేవారు. ఆయన ప్లాన్ చూసి తిన్నగా పార్కు మీద వేలు పెట్టాడు. రోడ్డు పక్క జాగా, అక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ రావాలన్నాడు. పైగా వాస్తు ప్రకారం దక్షిణం ఎత్తుగా, బరువుగా ఉండాలి, ఖాళీగా వదిలేస్తే ఇళ్లు కొనేవాడే ఉండడన్నాడు. అది నిజమే. మా వైపు జనం సూర్యుణ్ని నమ్ముతారు, వాస్తును ఇంకొంచెం ఎక్కువ నమ్ముతారు. ఒప్పుకోకపోతే సోలార్ మాటే తీసేసి మామూలు ప్లాట్లు చేసి అమ్ముకుంటానన్నాడు. ఒప్పుకున్నాను. దానికి ఎదురుగా ఉండే మొదటి వరుస నీడలో పోతే పోయింది, మిగతా కాలనీ నిలుస్తుంది అనుకున్నాను. వాస్తు ముందు వాస్తవం ఓడిపోయిందని స్నేహితుల దగ్గర జోకు కూడా వేశాను. నవ్వారు.

అక్కడితో ఆగి ఉంటే దానికి పిరికితనం అని పేరు పెట్టుకుని బతికేవాణ్ని. తరువాత చేసినదానికి ఆ పేరు సరిపోదు.

మొదటి వరుసలో ఇల్లు చూడ్డానికి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. పోశన్న, లస్మవ్వ అందాం. అసలు పేర్లు కావు. పోశన్న దుబాయ్‌లో పనిచేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని తిరిగొచ్చాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీదే బతుకు. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది కాబట్టి ఈ కాలనీ కావాలి. ఆసుపత్రికి ఆటో తొందరగా అందాలి కాబట్టి రోడ్డుకు దగ్గరున్న మొదటి వరుస కావాలి. అప్పటికే ఎదురుగా అపార్ట్‌మెంట్ స్లాబులన్నీ పడ్డాయి. వాళ్లు ఎప్పుడు రావాలో నేనే చెప్పాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఆ రోజుల్లో మా దగ్గర సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు.

"సారూ, ముంగట గింత పెద్ద బిల్డింగున్నది. మా స్లాబు మీద నీడ వడదా?" అంది లస్మవ్వ.

"నీ నీడ ఏడున్నదో సూడక్కా."

ఆమె కిందికి చూసుకుంది. "కాళ్ల కిందనే ఉన్నది."

"గా బిల్డింగు నీడ సుత గట్లనే దాని కాళ్ల కిందనే ఉన్నది, సూడు."

"చలికాలం సుత గింతేనా?"

"చలికాలానికి ఇంకో సూర్యుడొస్తడా అక్కా?"

పోశన్న దగ్గుతూనే నవ్వాడు. "ఊకోయే. దుబాయ్‌ల జర నీడ దొరికితే సాలని సచ్చినం. ఈడికొచ్చి నీడ ఎక్కువైతదని పరేషాన్ అయితున్నవు."

నేనూ నవ్వాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. చూపించింది నిజం. చెప్పింది నిజం. ఏ నెలలో చూపించాలో ఎంచుకోవడం ఒక్కటే నా చేతి పని. అబద్ధమంతా అందులోనే ఉందని నాకు తెలియదా? తెలుసు.

కార్తీకం దాటేసరికి నీడ రోడ్డు దాటింది. పుష్యమాసంలో వాళ్ల డాబా ఎక్కి, పగలంతా దిగలేదు. బ్యాటరీ నిండడం లేదని లస్మవ్వ నా దగ్గరికి వచ్చింది. నిజం చెప్పడానికి దేవుడు ఇచ్చిన రెండో అవకాశం అది. అప్పుడు పత్తి సీజన్, మిల్లుల నుంచి గాలి నిండా దూది. ప్యానెళ్ల మీద దూది దుమ్ము పేరుకుంటోంది, రోజూ తుడవమన్నాను. నమ్మింది. ఎముకలు కొరికే చలిలో తెల్లవారగానే తడిగుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కేది.

ఒక రోజు పత్తి ఏరే కూలికి పోయి తుడవలేదు. మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది. బ్యాటరీలో ఏమీ లేదు. ఆటో వచ్చేలోపు పోశన్న పోయాడు.

ఎట్లాగూ ఎక్కువ రోజులు ఉండేవాడు కాదని డాక్టరు అన్నాడట. ఆ మాట పట్టుకుని వేలాడుతూ వచ్చాను. నిజమే కావచ్చు. కానీ మే నెలలో లాగే మళ్లీ ఒక నిజం వెనక దాక్కుంటున్నానా?

దినాలకు పిలిస్తే వెళ్లాను. "ఒక్క దినం తుడవకపోతి సారూ. నేనే సంపుకున్న," అంది. కాదు అనడానికి ఒక్క ఊపిరి చాలు. నాకు ఊపిరితిత్తులు బాగానే పనిచేస్తాయి. విస్తరి ముందు కూర్చుని తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ అపార్ట్‌మెంట్‌లోనే, మూడో అంతస్తులో ఉంటున్నాను. పటేల్ అభిమానంతో తక్కువకు ఇచ్చాడు. పది మందికి నీడనిచ్చినవాణ్ని లోకం మెచ్చుకుంటుంది. నేనూ ఒక ఇంటికి నీడనిచ్చాను.

ఆ ఇంట్లో ఇప్పుడు మిషన్ లేదు. అయినా చలికాలమంతా లస్మవ్వ తుడుస్తూనే ఉంటుంది. ఒకసారి చెప్పేద్దామని నిచ్చెన దాకా వెళ్లాను. నేను అడగకముందే పైనుంచి, "ఇయ్యాల సుత తుడిశిన సారూ," అంది, బడిలో పిల్ల హాజరు చెప్పినట్లు. మంచిదన్నాను. మంచిదట.

ఇది రాస్తుంటే ఇప్పుడూ బాల్కనీ లోంచి కనిపిస్తోంది. నా ఇంటి నీడలో కూర్చుని, శుభ్రంగా ఉన్న ప్యానెల్‌నే మళ్లీ తుడుస్తోంది. లస్మవ్వా, అది దూది కాదు. ఆ రోజు నువ్వు తుడిచినా బ్యాటరీ నిండేది కాదు. ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టాక నా ఛాతీ కొంచెం తేలికైంది.

ఆమె చెయ్యి ఇంకా ఆగలేదు.