ఫ్రాదెల్ తన మీద వేసుకున్నది

మా జెరూసలేం యూదుల వాడలో ఫ్రాదెల్ అంత పిరికి మనిషి ఇంకొకరు లేరు. కసాయి కొట్టు వెనక కూర్చుని కోళ్ల ఈకలు పీకి బతికే విధవరాలు. మనిషికి చేతుల నిండా బలమే, గుండెలో మాత్రం చిటికెడు ధైర్యం లేదు. దేవుడి తీర్పు రోజులకి ముందొచ్చే ఏలూల్ నెల మొదలై, తెల్లారగానే పొట్టేలు కొమ్ము బూర ఊదారంటే చాలు, ఆవిడకి ముద్ద దిగేది కాదు.

"పైన ఆయనకి నీ లెక్క తప్ప వేరే పనేం లేదా అక్కా?" అని ఏడిపించేదాన్ని.

"నవ్వకే జిస్సా! కిప్పూర్ నాడు ఎవరు బతకాలో ఎవరు పోవాలో ముద్ర పడిపోతుంది. అది మామూలు రోజు అనుకున్నావా? పాపాలు కడుక్కోమని ఆయనే పేరు పెట్టి మరీ మనకిచ్చిన ఉపవాసం రోజు అది!"

ఆ ఏడు కిప్పూర్ నాడు ఎడారి గాలి నిప్పులు చెరిగింది. ముందురోజు పొద్దుగూకింది మొదలు ఎవరి నోట్లోనూ చుక్క నీళ్లు లేవు. ప్రార్థన మందిరంలో ఆడవాళ్లు కూర్చునే మేడ మీద ఊపిరాడటం లేదు. మధ్యాహ్నం దాటాక పక్క వీధి అరబ్బుల ఇంట్లోంచి ఉల్లిపాయలు వేయించే వాసన గుప్పుమంది. నా పక్కన నిలబడ్డ హెన్యా కడుపు పట్టుకుని నేల మీద కూలబడిపోయింది. ఏడో నెల. అంతకు ముందు రెండు కడుపులు పోయిన పిల్ల.

"పిన్నీ, పొద్దున్నుంచీ లోపల కదలటం లేదు," అని ఫ్రాదెల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మాలో ఒక ఆనవాయితీ ఉంది. ఉపవాసం నాడు కడుపుతో ఉన్న మనిషి తిండి వాసనకి తల్లడిల్లితే, ముందు ఇవాళ ఏ రోజో చెవిలో గుర్తుచేస్తారు. ఫ్రాదెల్ వంగి మెల్లగా చెప్పింది, "ఈ రోజు కిప్పూర్ తల్లీ, ఓర్చుకో." ఒక్కోసారి ఆ మాటకే నెమ్మదిస్తారు. హెన్యా నెమ్మదించలేదు. పెదాలు నల్లబడ్డాయి. సంగతి తెలిసి కింద మగవాళ్ల దగ్గరున్న మా మతగురువు రబ్బీ కబురంపాడు, వెంటనే తినిపించమని, ఆలస్యం చేస్తేనే తప్పని.

నేను పరుగున వెళ్లి రొట్టె, పంచదార నీళ్లు తెచ్చాను. హెన్యా పళ్లు బిగించేసింది.

"పోయినేడు ఇదే రోజు ఓర్చుకోలేక ఒక గుక్క నీళ్లు తాగాను. బిడ్డ పోయింది. ఈసారి తాగను. చంపినా తాగను."

"పిచ్చిమొహమా, రబ్బీయే చెప్పాడే!" అని అరిచాను. భయంతోనే అరిచాను. తను తల అడ్డంగా ఊపింది. కళ్లు తేలేస్తున్నాయి. చుట్టూ ఆడవాళ్లు ఏడుపు లంకించుకున్నారు.

అప్పుడు ఫ్రాదెల్ లేచింది. మొహం సున్నంలా పాలిపోయింది. పైకప్పు కేసి చూస్తూ, కింద మగవాళ్లు కూడా వినేటట్టు గట్టిగా అంది:

"విను! ఈ పిల్ల తాగేది తప్పైతే, అది నా పేరున రాసుకో. బిడ్డ జోలికి రాకు. నా జోలికి రా."

హెన్యా ఆవిడ మొహంలోకి చూసింది. పళ్ల బిగువు వదిలింది. ఫ్రాదెల్ చెంచాతో ఒక గుక్క పోసి, కాసేపు ఆగి, ఇంకో గుక్క పోసింది. కాస్త రొట్టె కూడా పెట్టింది. ఎంతసేపటికో హెన్యా ఉలిక్కిపడి కడుపు మీద చెయ్యేసుకుని, "తన్నింది!" అని భోరుమంది. నేనూ ఏడ్చాను.

చుక్కలు పొడిచి, చివరి బూర ఊదాక అందరూ ఇళ్లకు మళ్లారు. ఫ్రాదెల్ మెట్ల మీదే కూర్చుండిపోయింది. చేతులు వణుకుతున్నాయి.

"తినిపించడమే ఇవాళ్టి పుణ్యమని రబ్బీ చెప్పాడుగా అక్కా. ఇంక పాపం ఎక్కడిది?"

"నాకు తెలీదా ఏంటి? తెలియనిది ఆ పిల్లకి. దాని భయం ఎవరో ఒకరు తీసుకోవాలిగా."

"మరి నీకెందుకే ఈ వణుకు?"

"అనేశాను కదే జిస్సా," అంది ఆవిడ గొంతు తగ్గించి. "పైన ఆయన విన్నాడేమోనని."