ఓదెమ్మ ఉతికిన విమానం

మా మేనత్త ఓదెమ్మ ఏ బట్ట కనిపించినా ముందు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. పద్మశాలి ఇంట పుట్టింది గదా, ఆమెకు బట్ట మీది బొమ్మ కన్నా అందులోని నూలే ముందు కనబడుతుంది. కార్గిల్ యుద్ధం జరిగిన ఏడు ఆ గుణమే ఆమె కొంప ముంచబోయింది.

భివండీ శాంతి నగర్‌లో కాపురం. మామ గాలయ్య కాల్హేర్ గోదాములో హమాలీ. తుక్కులో దొరికిందని ఒక నీలం బట్ట చుట్ట ఇంటికి తెచ్చాడు. గంజితో అట్టలా బిగిసి ఉంది. మీద నల్ల సిరాతో విమానం రెక్కలు, తోకలు.

"గంజి కింద సన్న నూలున్నది. కోడలికి పుట్టే బిడ్డకు పనికొస్తది," అంది అత్త.

రెండు మూడు రోజులకే మామ పని మధ్యలో పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"యుద్ధ విమానాలు గీసే ఆఫీసు నక్షలు పోయినయట. గోదాముల పోలీసులు దిగిండ్రు. పాకిస్తానుకు అమ్మినవంటే ఏం జెప్పాలె?"

కాల్చేద్దామన్నాడు మామ. బట్టను కాల్చడమంటే మా వాళ్లకు అన్నాన్ని తన్నినట్టే.

"వాళ్లు ఎతికేది గీతలనే గదా. గీతలు పోతే అది ఉత్త బట్టనే," అంది అత్త.

నీళ్లు మరిగించి బట్టంతా ముంచింది. గంజితో పాటు నీలం రంగూ, గీతలూ కరిగాయి. ఆ నల్లనీళ్లు మోరీలో పోస్తుంటే ఎవరు చూస్తారోనని ప్రాణం గిలగిలలాడింది.

సాయంత్రం జీపు రానే వచ్చింది. మామ రెక్క పట్టి పోలీసు గల్లీలో నిలబెట్టాడు. బట్టను గుర్తుపట్టడానికి తెచ్చిన ముసలాయన ఒక్కడే లోపలికి వచ్చాడు. ఆ విమానాల సంస్థలో నక్షలు గీసి రిటైరైన మనిషి. భయపడొద్దని హిందీలో మెల్లగా చెప్పాడు. వాటిలో రహస్యమేమీ లేదట. కంప్యూటర్లు రాని రోజుల్లో సంస్థ తన మొదటి విమానాన్ని ఆ బట్ట మీదే గీసిందట. ఆఫీసు మారినప్పుడు ఎవరో తుక్కుకు అమ్మేశారు. మ్యూజియంలో పెడదామని వెతుకుతున్నారు. మరో ప్రతి లేదు.

అత్త దండెం వైపు చెయ్యి చూపింది.

ఆయన తెల్లటి బట్టను తడుముతూ పోయి ఒక మూల దగ్గర ఆగాడు. అక్కడ సగం చెరిగిన అక్షరాలు మిగిలాయి. తన చేతిరాతే.

"సాబ్, మేరే ఆద్మీ కో మత్ లే జావో," అంటూ, తన మొగుణ్ని తీసుకుపోవద్దని అత్త ఆయన కాళ్ల మీద పడింది.

ఆయన ఆ మూలను లోపలికి మడిచి బట్టతో గడప దగ్గరికి వెళ్లాడు.

"యే హమారా నహీ హై," అన్నాడు పోలీసుతో. ఇది మాది కాదని.

మామ రెక్క వదిలాడు పోలీసు.